వంతెన గేర్‌తో కొండకు బయల్దేరిన జంపర్: ఒక కేస్ స్టడీ

నేను పారాషూట్ రిగ్గర్‌ని, అంటే పారాషూట్లు సరిచూసి, బాగుచేసి, ప్యాక్ చేసేవాణ్ని. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, ట్విన్ ఫాల్స్‌లో ఉంటాను. ఊరి అంచున స్నేక్ నది లోయ మీద పెరిన్ వంతెన ఉంది. అక్కడికి వచ్చే బేస్ జంపర్ల గేర్ సరిచూడటం, కొత్తవాళ్లకు నేర్పడం నా పని. ఈ కేసు సియాటిల్ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే ఒక తెలుగు కుర్రాడిది. అతను సరేనన్నాకే రాస్తున్నాను. పేరూ సొంత ఊరూ మాత్రం రాయడం లేదు.

బేస్ జంపింగ్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. విమానంలోంచి కాకుండా బిల్డింగ్, యాంటెనా టవర్, వంతెన, కొండ లాంటి కదలని చోట్ల నుంచి పారాషూట్‌తో దూకడమే బేస్. స్కైడైవింగ్‌లో వీపు మీద రెండు పారాషూట్లు ఉంటాయి. మెయిన్ మొండికేస్తే దాన్ని వదిలేసి రిజర్వ్ తెరుచుకోవచ్చు. బేస్‌లో ఉండేది ఒక్కటే. ఎత్తు తక్కువ కాబట్టి రెండోదానికి టైమ్ ఉండదు. పెరిన్ వంతెన ఎత్తు 486 అడుగులు, అంటే దాదాపు 148 మీటర్లు. ఏమీ తెరవకుండా పడితే ఐదున్నర సెకన్లకు అటూఇటూగా నీళ్లను తాకుతాం.

ఈ వంతెన మీంచి ఏడాది పొడవునా పర్మిట్ లేకుండా దూకొచ్చు. అమెరికాలో ఇలాంటి చోట్లు చాలా అరుదు. వెస్ట్ వర్జీనియాలోని న్యూ రివర్ గార్జ్ వంతెన 876 అడుగుల ఎత్తు ఉన్నా, అక్కడ అక్టోబర్‌లో వచ్చే బ్రిడ్జ్ డే ఒక్కరోజే దూకనిస్తారు. అందుకే నేర్చుకునేవాళ్లంతా పెరిన్‌కే వస్తారు. మా కుర్రాడూ అలాగే వచ్చాడు. 200కు పైగా స్కైడైవ్‌లు పూర్తిచేసి, వేరే టీచర్ దగ్గర మొదటి కోర్సు చేసి, సెలవు దొరికినప్పుడల్లా ఇక్కడికొచ్చి దూకుతున్నాడు. నా దగ్గరికి మాత్రం మొదటిసారి ఒక పని మీద వచ్చాడు.

"అన్నా, స్విట్జర్లాండ్ టికెట్లు బుక్ చేశా. లౌటర్‌బ్రున్నెన్. రిగ్ ఒక్కసారి చూసి ఓకే చెప్పన్నా." లౌటర్‌బ్రున్నెన్ అంటే నిలువు కొండ గోడల మధ్య ఉన్న లోయ, అక్కడ దూకేది కొండ మీంచి.

తెచ్చిన గేర్, కొనాలనుకున్న గేర్

తెచ్చింది సెకండ్‌హ్యాండ్ రిగ్, అంటే పారాషూట్ సెట్. వెల్‌క్రోతో మూసే కంటైనర్ (పారాషూట్ మడిచి పెట్టే వీపు సంచి), 240 చదరపు అడుగుల, ఏడు సెల్‌ల (గదుల) కానపీ (గాలి నిండే పెద్ద గుడ్డ), ఒకే ఒక్క 48 అంగుళాల పైలట్ చూట్ (చేత్తో గాలిలోకి విసిరితే కానపీని బయటికి లాగే చిన్న గొడుగు). పెరిన్‌లో ఒకటి రెండు సెకన్లు ఆగి తెరిచే జంప్‌లకు ఈ కాంబినేషన్ సరిపోతుంది. అతను ఇంతకాలం చేసినవీ అవే.

కొనాలనుకున్నది వేరే. ఫోన్‌లో చూపించాడు: 220 చదరపు అడుగుల అల్ట్రాలైట్ కానపీ, దానికి తగ్గ సన్నని కంటైనర్. ఆఫర్‌లో ఉందట, రెండు రోజుల్లో డబ్బు కట్టాలట. ఎందుకిదని అడిగితే, కొండ ఎక్కేటప్పుడు బరువు తగ్గుతుంది, పైగా స్కైడైవింగ్‌లో 150 చదరపు అడుగుల కానపీ ఎగరేసినవాడికి 220 చాలా పెద్దదే కదా అన్నాడు.

ఇక్కడ లెక్క చెప్పాలి. గేర్, హెల్మెట్, ప్యాడ్‌లు అన్నీ వేసుకుంటే అతని బరువు 92 కిలోలు, అంటే సుమారు 203 పౌండ్లు. 220 కానపీ కింద అది చదరపు అడుగుకు 0.92 పౌండ్లు. తర్వాత మేం ఎంచుకున్న 266 కింద అయితే 0.76. స్కైడైవింగ్‌లో దిగడానికి పెద్ద మైదానం ఉంటుంది, స్పీడ్ ఎక్కువైనా గడ్డి మీద జారుతూ ఆగొచ్చు. బేస్‌లో ఒక్కోసారి దిగాల్సింది రాళ్ల మధ్య ఇల్లంత జాగాలో. అక్కడ కావాల్సింది మెల్లగా, నిటారుగా దించే పెద్ద కానపీ. అంతకంటే ముఖ్యం, తెరుచుకున్న మొదటి రెండు సెకన్లలో ముందుకు తక్కువగా పోయే కానపీ. 150 ఎగరేసిన అనుభవం ఈ రెండింటిలో దేనికీ పనికిరాదు.

ఇంకో తేడా కూడా ఉంది. స్కైడైవింగ్‌లో రిజర్వ్‌ను 180 రోజులకోసారి లైసెన్స్ ఉన్న రిగ్గర్ ప్యాక్ చేయాలని అమెరికా ఏవియేషన్ రూల్. డ్రాప్‌జోన్‌లో (స్కైడైవింగ్ కేంద్రంలో) గేర్ చెక్ చేసేవాళ్లు ఉంటారు, గాలి ఎక్కువైతే విమానమే లేవదు. బేస్‌లో విమానం లేదు కాబట్టి ఆ రూల్స్ ఏవీ వర్తించవు. కంటైనర్‌కు సర్టిఫికేషన్ అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. అడ్డుచెప్పేవాళ్లు ఉన్న చోట నేర్చుకున్నవాడు, ఎవరూ అడ్డుచెప్పకపోతే అంతా బాగానే ఉందనుకుంటాడు. ఈ కుర్రాడిలో నాకు మొదట కనిపించింది అదే. నా ఓకే కోసం వచ్చాడు కానీ, ఆ ఓకే దేనికో అతనికి స్పష్టంగా లేదు.

నాలుగు సెంటీమీటర్లు

కానపీని మా గ్యారేజీలో నేలమీద పరిచి, లైన్లను (కానపీ తాళ్లను) ఒక చివర కొక్కేనికి తగిలించి, సమానంగా బిగించి కొలిచాం. కొలత పట్టీ అతని చేతికే ఇచ్చాను.

బేస్‌లో స్లైడర్ (కానపీ తెరుచుకోవడాన్ని నెమ్మది చేసే గుడ్డ ముక్క) లేకుండా దూకేటప్పుడు బ్రేకుల్ని (కానపీ వెనక అంచును కిందికి లాగే లైన్లను) మామూలుకన్నా లోతుగా సెట్ చేసి ప్యాక్ చేస్తాం. కానపీ తెరుచుకోగానే ముందుకు ఉరకకుండా ఉండటానికి. ఆ లోతు ఎంతన్నది బరువును బట్టి, కానపీని బట్టి ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. తక్కువైతే ముందుకు దూసుకుపోతుంది, ఎక్కువైతే స్టాల్ అయి (ముందుకు ఎగరడం ఆగి) వెనక్కి పోతుంది. అతని కానపీలో ఎడమ బ్రేక్ కుడిదానికన్నా దాదాపు నాలుగు సెంటీమీటర్లు లోతుగా ఉంది. పాత ఓనర్ ఎడమవైపు లైన్ మార్పించినప్పుడు బ్రేక్ లూప్ చోటు తప్పింది. కుట్టు నీట్‌గా ఉంది, మామూలుగా చూస్తే తెలియదు. అతను రెండుసార్లు కొలిచాడు. తర్వాత పట్టీ పక్కన పెట్టి నేలమీదే కూర్చుండిపోయాడు.

ఎడమ బ్రేక్ ఎక్కువ లాగి ఉంటే కానపీ ఎడమకు తిరుగుతూ తెరుచుకుంటుంది. "నీ వీడియోలు తియ్" అన్నాను. హెల్మెట్ కెమెరా వీడియోలన్నీ లాప్‌టాప్‌లో ఉన్నాయి. వరుసగా పెట్టి, లైన్లు సాగిన క్షణంలో ఆపి, కానపీ ముక్కు (ముందు అంచు) ఎటు తిరిగిందో చూశాం. చాలా జంప్‌లలో ఎడమకే. కొన్నిట్లో కాస్తంత, కొన్నిట్లో 90 డిగ్రీల దాకా. ఒకదాంట్లో పూర్తిగా వెనక్కి తిరిగి వంతెన కిందకి ఎగిరి, అవతలి వైపు తేలాడు. ఆ వీడియో చూపిస్తూ అప్పట్లో ఫ్రెండ్స్‌తో సరదాగా నవ్వుకున్నాడట.

పెరిన్ ప్రత్యేకత ఇదే. వంతెన కింద గోడ లేదు. తెరుచుకున్న కానపీ ఎటు తిరిగినా ముందున్నది గాలే. అందుకే నేర్చుకోవడానికి ఇంతకన్నా దయగల చోటు లేదు. కానీ అదే దయ లోపాన్ని దాచిపెడుతుంది. అతను చేసిన ప్రతి జంప్‌లో ఆ నాలుగు సెంటీమీటర్లు ఉన్నాయి. ఒక్కసారీ వాటికి మూల్యం చెల్లించలేదు. అదే 180 డిగ్రీలు కొండ దగ్గర తిరిగితే ఎదురుగా రాయి. గట్టిగా తోసుకుని దూకినా మూడు సెకన్లలో గోడకు ఓ పది మీటర్ల దూరం వస్తే గొప్ప. తెరుచుకున్న కానపీ ఆ దూరాన్ని ఒకటి రెండు సెకన్లలో దాటేస్తుంది.

వీడియోల్లో ఇంకోటీ దొరికింది. పైలట్ చూట్ విసిరాక అది గాలి పట్టిందో లేదో చూసుకోవడానికి తల వెనక్కి తిప్పుతున్నాడు, తలతో పాటు భుజమూ వెళ్తోంది. భుజాలు సమంగా లేనప్పుడు లైన్లు సాగితే ఒకవైపు రైజర్ (లైన్లను భుజం దగ్గర హార్నెస్‌కు కలిపే పట్టీ) మీద ముందుగా బరువు పడుతుంది, కానపీ తిరగడానికి అది చాలు. బ్రేక్ సరిచేసినంత మాత్రాన అయిపోదన్నమాట.

"రాసిపెట్టి ఉంటే..."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అతనన్న మాట ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైందని నా అభిప్రాయం. "రాసిపెట్టి ఉంటే రోడ్డు మీదైనా పోతాం కదన్నా. ఇన్ని జంప్‌లయ్యాయి, గోరు కూడా ఊడలేదు."

ఈ మాట మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి వింటాం. పోయినవాళ్ల ఇంటికెళ్లి ఓదార్చేటప్పుడు ఆ మాటకు అర్థం ఉంది, అక్కడ అది మనిషిని నిలబెడుతుంది. దూకే ముందు అదే మాట అనుకుంటే మాత్రం కొలవాల్సినవాటిని కొలవకుండా వదిలేస్తాం. అతనితో నేను వాదించలేదు. పొద్దున అతని చేత్తో కొలిచిన నాలుగు సెంటీమీటర్ల గురించే అడిగాను: అది ఎవరు రాసింది? పాత ఓనర్ కుట్టించింది, నువ్వు కొలవకుండా కొన్నది. దాన్ని విప్పి మళ్లీ కుట్టొచ్చు.

లెక్కలు కూడా చూపించాను. నార్వేలోని షెరాగ్ కొండ మీద 1995 నుంచి 2005 దాకా జరిగిన 20,850 జంప్‌లను డాక్టర్లు విశ్లేషించారు. 9 మంది చనిపోయారు, అంటే 2,317 జంప్‌లకు ఒకరు. చావు కాని ప్రమాదాలు 82, అంటే 254 జంప్‌లకు ఒకటి. అక్కడ ఎత్తూ ఎక్కువే, స్థానిక క్లబ్ పర్యవేక్షణా ఉంటుంది. అలాంటి చోట కూడా అంకెలు ఇవి. కొన్ని డజన్ల జంప్‌లు దెబ్బ లేకుండా పూర్తిచేసినవాడికి తన గురించి తెలిసింది చాలా తక్కువ.

ఈ ఆటకు ఆద్యుడు కార్ల్ బోనిష్ గురించి కూడా మాట్లాడుకున్నాం. 1978లో కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటన్ కొండ నుంచి మిత్రులను దూకించి, ఆ ఫిల్మ్‌లతో బేస్‌ను ప్రపంచానికి పరిచయం చేసినవాడు. 1984లో నార్వేలోని ట్రోల్‌వెగెన్ మీద భార్యతో కలిసి రికార్డు జంప్ చేసి, కొద్ది రోజుల్లోనే అదే కొండ మీద ఇంకో చోటు నుంచి దూకి చనిపోయాడు. అంతటి అనుభవం ఉన్న మనిషి.

ఇంట్లో చెప్పావా అని కూడా అడిగాను. భార్యకు స్కైడైవింగ్ అనే తెలుసు, ఊళ్లో అమ్మానాన్నలకు అదీ తెలియదు. అమ్మానాన్నల విషయం అతని ఇష్టం. భార్యకు మాత్రం నిజం చెప్పాకే నా దగ్గర ట్రైనింగ్ అన్నాను. ఏదైనా జరిగితే నేను ఫోన్ చేయాల్సింది ఆ అమ్మాయికి. ఏమీ తెలియని మనిషికి ఆ ఫోన్ నేను చేయలేను. వారం తర్వాత ఇద్దరూ కలిసి వచ్చారు. ఆమె అడిగిన ప్రశ్నలు అతనికన్నా సూటిగా ఉన్నాయి: "ఈ ట్రిప్‌లో దూకకుండా తిరిగొస్తే డబ్బులు తప్ప ఇంకేం పోతుంది?"

ఏం మార్చాం, ఎందుకు

220 ఆఫర్ వదిలేశాడు. 266 చదరపు అడుగుల కానపీ తీసుకున్నాడు, కింది పొరలో వెంట్‌లు ఉన్నది. స్పీడ్ తక్కువగా ఉన్నప్పుడు కూడా ఆ వెంట్‌ల గుండా గాలి త్వరగా లోపలికి చేరి కానపీ గట్టిపడుతుంది, చేతులు లాగగానే మాట వింటుంది. మామూలు బట్టతో కుట్టిందే ఎంచుకున్నాం. అల్ట్రాలైట్ చెడ్డదని కాదు. గంటల తరబడి నడిచి వెళ్లే ఎగ్జిట్‌లకు (దూకే చోట్లకు) అది నిజంగా సుఖం. లౌటర్‌బ్రున్నెన్‌లో చాలా ఎగ్జిట్‌లకు కేబుల్ కార్, రైలు ఉన్నాయి, రెండు కిలోల కోసం తంటాలు పడాల్సిన పని లేదు.

కంటైనర్ పిన్‌తో మూసేది తీసుకున్నాం. తక్కువ డిలే (తెరిచేముందు పడే సెకన్లు) ఉన్న జంప్‌లకు వెల్‌క్రో బాగానే పనిచేస్తుంది, కానీ అరిగిపోతుంది, ఇసుక, తడి తగిలితే పట్టు మారుతుంది. ఎక్కువ సెకన్లు పడే జంప్‌లలో గాలి ఒత్తిడికి అది ముందే ఊడే ప్రమాదం ఉంది. పిన్‌కు దాని జాగ్రత్త దానిది: లూప్ మరీ బిగుతైతే తక్కువ స్పీడ్‌లో పైలట్ చూట్ దాన్ని లాగలేదు, మరీ వదులైతే వంగి కూర్చున్నప్పుడే జారిపోతుంది. లూప్ పొడవును ప్యాక్ చేసిన ప్రతిసారీ చేత్తో లాగి చూడటం అతనికి అలవాటు చేశాను.

ఒకే పైలట్ చూట్‌తో అన్ని జంప్‌లూ చేయడం కుదరదని అతనికి పుస్తక జ్ఞానంగా తెలుసు. ఎందుకన్నది తెలియదు. రెండు సెకన్ల తర్వాత స్పీడ్ తక్కువ, కానపీని బయటికి లాగడానికి 48 అంగుళాల పెద్ద గొడుగు కావాలి. ఆరేడు సెకన్లు పడ్డాక అదే 48 విసిరితే కానపీ మధ్య భాగాన్ని ఒక్కసారిగా పీకుతుంది. లైన్లు క్రమం తప్పుతాయి, మనిషికి షాక్ తగులుతుంది, ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఇప్పుడు అతని దగ్గర మూడు ఉన్నాయి: 48, 42, 36. ఒక్కోదాని బ్రైడిల్ (దాన్ని కానపీకి కలిపే పట్టీ) మీద ఎన్ని సెకన్లకో మార్కర్‌తో రాసుకున్నాడు.

స్లైడర్ విషయంలో కూడా అంతే. మూడు సెకన్లలోపు జంప్‌లకు దాన్ని తీసేస్తాం, కానపీ వెంటనే తెరుచుకోవాలి కాబట్టి. అంతకు మించి పడితే మెష్ స్లైడర్ పెట్టి తెరుచుకోవడాన్ని కాస్త నెమ్మది చేస్తాం. స్లైడర్ తీసినప్పుడు లైన్‌ఓవర్ భయం ఉంటుంది. అంటే బ్రేక్ లైన్ కానపీ ముక్కు మీదుగా పడి ఒకవైపు నొక్కేయడం. దాన్ని ఆపడానికి బ్రేక్ లైన్ల పై కొసల్ని రబ్బర్ బ్యాండ్‌తో పట్టి ఉంచే టెయిల్‌గేట్ వాడతాం. అయినా పడితే ఆ లైన్‌ను పూర్తిగా వదిలించుకునేలా టాగుల్స్ (బ్రేక్ లైన్ల చివర ఉండే చేతి పిడులు) ఉండాలి. పాత రిగ్‌లో అవి లేవు. కొత్తదాంట్లో పెట్టించాం.

ఒంటి మీద వేసుకునేవాటి గురించి పెద్ద చర్చ జరగలేదు. ఫుల్‌ఫేస్ హెల్మెట్, వెన్ను రక్షణ, మోకాలి ప్యాడ్‌లు, లేసులు తగిలించే కొక్కేలు లేని బూట్లు. లైన్ వెళ్లి కొక్కేనికి చిక్కుకుంటే ఏమవుతుందో అతనికి చెప్పక్కర్లేకపోయింది.

టికెట్లు వాయిదా వేసుకున్నాడు. నేను అడగలేదు, తనే వేసుకున్నాడు.

ట్రైనింగ్

కొత్త కానపీని ముందు రిజర్వ్ ఉన్న పెద్ద స్టూడెంట్ కంటైనర్‌లో పెట్టి విమానం నుంచి ఎగరేయించాను. ఎత్తులో బ్రేకులు మెల్లగా లాగుతూ స్టాల్ ఎక్కడ మొదలవుతుందో చేతులకు తెలిసేదాకా. దాన్నిబట్టి బ్రేక్ సెట్టింగ్ గుర్తు పెట్టాం. ఆ తర్వాతే పెరిన్.

పెరిన్‌లో ఒకే ఒక్క రూల్: వంతెనను గోడ అనుకో. కానపీ తెరుచుకోగానే టాగుల్స్ వెతక్కుండా చేతులు నేరుగా వెనక రైజర్ల మీదికి వెళ్లాలి. టాగుల్స్ విప్పడానికి పట్టే అర సెకను కూడా కొండ దగ్గర ఎక్కువే. గ్యారేజీ దూలానికి హార్నెస్ వేలాడదీసి, కళ్లు మూయించి, రైజర్లు ఒక కుదుపు కుదిపి "ఎడమ!" లేదా "వెనక్కి!" అని అరిచేవాణ్ని. మొదట్లో చేతులు టాగుల్స్ దగ్గరికే పోయేవి. కొన్ని వారాలకు, మాట పూర్తికాకముందే రైజర్ లాగుతున్నాడు. ప్రతి జంప్ తర్వాత వీడియోలో తెరుచుకున్న దిశ, డిగ్రీలు ఒక నోట్‌బుక్‌లో రాశాడు. సున్నా వచ్చినా రాశాడు.

తల తిప్పే అలవాటు పోవడానికే ఎక్కువ కాలం పట్టింది. చూపు ఎదుటి గట్టు మీద ఒక రాయి మీద పెట్టి ఉంచమన్నాను. తెరుచుకున్నాక కూడా ఆ రాయి కళ్ల ముందే ఉంటే భుజాలు సమంగా ఉన్నట్టే.

లౌటర్‌బ్రున్నెన్

తర్వాతి వేసవిలో ఇద్దరం కలిసి వెళ్లాం. అక్కడ జంపర్లు ల్యాండింగ్ కార్డు కొనుక్కోవాలి, ఆ డబ్బు మనం దిగే పొలాల రైతులకు. ఎత్తుగా పెరిగిన గడ్డి తొక్కకూడదు, అది ఆవుల మేత. హెలికాప్టర్లు తిరిగే లోయ కాబట్టి దూకేముందు ఫోన్ చేసి చెప్పాలి. ఇవన్నీ మర్యాద కోసమే అనుకునేవాళ్లున్నారు. ఫోన్ చేసే ఆ నిమిషంలో మనిషి ఇంకోసారి గాలి చూసుకుంటాడు. అందుకే నాకది చాలా ఇష్టమైన రూల్.

మొదట్లో ఫాన్ గాలి ఉండొచ్చని ఫోర్‌కాస్ట్. లోయలోకి దిగే వెచ్చని గాలి అది, కింద ఏమీ లేనట్టే ఉండి ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. దూకలేదు. గాలి తగ్గాక ఎగ్జిట్ దగ్గరికి వెళ్తే అక్కడ ఇంకో గుంపు ఉంది. వాళ్లు దూకారు. అతను కింద పొలంలోని గాలి గుడ్డ వైపు చూస్తూ నిలబడ్డాడు. అది రెండు నిమిషాల్లో రెండు దిక్కులకు తిరిగింది. హెల్మెట్ తీసేసి, "కిందికి నడుద్దామన్నా" అన్నాడు. మా ఇద్దరి ఒప్పందం ప్రకారం ఎవరు వెనక్కి తగ్గినా కారణం అడగకూడదు. అడగలేదు. అప్పటికే దూకినవాళ్లకు ఏమీ కాలేదు. వాళ్లకు ఏమీ కాకపోవడం వల్ల అతని నిర్ణయం తప్పైపోదు.

తర్వాత మంచి వాతావరణంలో దూకాడు. వాటిల్లో ఒక స్లైడర్‌-ఆఫ్ జంప్‌లో కానపీ కుడికి దాదాపు 90 డిగ్రీలు తిరిగి తెరుచుకుంది. బ్రేకులు సమంగానే ఉన్నాయి, ప్యాకింగ్‌లో తప్పేమీ దొరకలేదు. కారణం దొరకని ఆఫ్-హెడింగ్‌లు (అనుకున్న దిక్కు కాకుండా తెరుచుకోవడాలు) కూడా వస్తాయి, అందుకే ఆ హార్నెస్ ప్రాక్టీస్. వీడియోలో కానపీ పూర్తిగా గట్టిపడకముందే ఎడమ వెనక రైజర్ కిందికి రావడం కనిపిస్తుంది. గోడకు సమాంతరంగా కాస్త దూరం వెళ్లి బయటికి తిరిగాడు. పొలంలో నిలబడి దిగాడు. ఆ రోజు ఇంక దూకలేదు. రిగ్ మొత్తం విప్పి గదిలో లైన్లన్నీ మళ్లీ కొలిచాడు.

ఇప్పటి పరిస్థితి

అదే 266, అదే కంటైనర్ వాడుతున్నాడు. లైన్లు వాడకంతో కుదించుకుపోతాయి కాబట్టి బ్రేక్ సెట్టింగ్‌ను సీజన్‌కోసారి కొలిచి నాకు ఫోటో పంపుతాడు. పాత 240 కానపీని అమ్మేముందు ఎడమ బ్రేక్ లైన్ నా చేత సరిచేయించి, చరిత్ర మొత్తం కాగితం మీద రాసి కొన్నవాళ్లకు ఇచ్చాడు.

ఈ మధ్య వింగ్‌సూట్ (చేతులు, కాళ్ల మధ్య రెక్కల్లా గుడ్డ ఉన్న సూట్) బేస్ గురించి అడుగుతున్నాడు. నా షరతులు చెప్పాను: విమానం నుంచి వింగ్‌సూట్‌తో కనీసం రెండు సీజన్లు, ప్రతి ఫ్లయిట్‌కూ జీపీఎస్ రికార్డు, సూట్‌లోంచి పైలట్ చూట్ విసిరాక తెరుచుకున్న దిశల నోట్‌బుక్. మొదటి సీజన్ నోట్‌బుక్ పోయిన నెల పంపాడు. తెరుచుకునేటప్పుడు కాళ్లు సమంగా ముడవడం లేదు. అది సరయ్యేదాకా కొండ మాట ఎత్తొద్దని ఇద్దరం అనుకున్నాం.